వియత్నాంలో అమెరికాని ఓడించింది టీవీయేనా? ఏళ్ల తరబడి సాగే యుద్ధం మీద జనం మనసు ఎక్కడ మారుతుంది?

మీరు అడిగింది ఇదీ: "గుంటూరు బ్రాడీపేటలో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. క్లాసులో సార్, వియత్నాం యుద్ధాన్ని అమెరికా అడవిలో ఓడిపోలేదు, టీవీలో ఓడిపోయింది అన్నారు. మీడియాకి నిజంగా అంత పవర్ ఉందా? ఉంటే యుక్రెయిన్ యుద్ధం ఏళ్లు గడుస్తున్నా ఎందుకు ఆగట్లేదు?"

ముందు సూటిగా చెప్పేస్తా, తర్వాత వివరంగా రాస్తా. టీవీ వల్ల అమెరికా వియత్నాంలో ఓడిపోలేదు. ఏళ్ల తరబడి సాగే యుద్ధం మీద జనానికి మనసు విరిగేది శవపేటిక ఊళ్లోకి వచ్చినప్పుడు, ఇంట్లో కుర్రాడికి మిలిటరీ నుంచి పిలుపు వచ్చినప్పుడు, పైవాళ్లు చెప్పేదానికీ కళ్లకి కనపడేదానికీ పొంతన కుదరనప్పుడు. మరి మీడియాకి పవరే లేదా అంటే చాలా ఉంది, కాకపోతే అది మీ సార్ చెప్పిన చోట లేదు. ఆ యుద్ధం మనకి దగ్గరగా కనపడాలా దూరంగా కనపడాలా, చంపింది ఎవరో తెలియాలా అక్కర్లేదా, అసలు గుర్తుండాలా వద్దా, ఇదంతా రాత్రిపూట డెస్క్‌లో కూర్చున్న నాలుగైదుగురి చేతిలో ఉంటుంది. నేను ఆ నాలుగైదుగురిలో ఒకణ్ణి. విజయవాడలో ఒక తెలుగు దినపత్రికలో 1989 నుంచి 2022 ఆఖరిదాకా పనిచేశా, ఎక్కువ కాలం విదేశీ వార్తల పేజీయే చూశా. కాబట్టి పుస్తకంలో ఉన్నది కొంత, చేత్తో చేసింది కొంత కలిపి చెప్తున్నా.

ముందు వియత్నాం. అందరూ చెప్పే కథ ఇలా ఉంటుంది. 1968 జనవరి ఆఖర్లో, టెట్ అని వాళ్ల కొత్త సంవత్సరం పండగ, ఆ టైంలో వియత్‌కాంగ్ (దక్షిణ వియత్నాంలోని కమ్యూనిస్టు గెరిల్లాలు), ఉత్తర వియత్నాం సేనలు దక్షిణ వియత్నాంలో ఊళ్లకి ఊళ్ల మీద ఒకేసారి పడ్డాయి. రాజధాని సైగాన్‌లో అమెరికా ఎంబసీ కాంపౌండ్‌లోకే వచ్చేశారు. ఫిబ్రవరి 27న సీబీఎస్ న్యూస్ యాంకర్ వాల్టర్ క్రాంకైట్, ఇంటింటా నమ్మకంగా వినే మనిషి, ఈ యుద్ధం ఎటూ తేలకుండా ఇరుక్కుపోయింది అని చెప్పేశాడు. అది చూసిన ప్రెసిడెంట్ జాన్సన్ 'క్రాంకైట్ మన చెయ్యి జారిపోయాడంటే దేశం జారిపోయినట్టే' అన్నాడని, నెల దాటాక మార్చి 31న మళ్లీ పోటీ చెయ్యనని ప్రకటించాడని చెప్తారు. కానీ ఆ ప్రోగ్రాం వచ్చిన రాత్రి జాన్సన్ టీవీ ముందే లేడు, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో గవర్నర్ కానలీ పుట్టినరోజు వేడుకలో ఉన్నాడు. ఆయన అన్నాడనే ఆ మాట కూడా ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం గాలప్ సర్వేలు, అంటే అమెరికాలో జనాభిప్రాయం లెక్కకట్టే సంస్థవి. 'వియత్నాంకి సైన్యాన్ని పంపడం తప్పా?' అని గాలప్ వాళ్లు ఒకే ప్రశ్న ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. 1965 ఆగస్టులో తప్పు అన్నవాళ్లు 24 శాతం. 1967 అక్టోబర్‌కి తప్పు అన్నవాళ్లు 47 శాతం, కాదు అన్నవాళ్లు 44 శాతం. డేట్ చూడండి, అది టెట్‌కి మూడు నెలల ముందు. క్రాంకైట్ నోరు తెరవకముందే జనం సగానికి సగం అటు జరిగిపోయారు, అదీ అమెరికా టీవీ ఇంకా చాలావరకు గవర్నమెంట్ చెప్పిన మాటే చెప్తున్న రోజుల్లో. డేనియల్ హాలిన్ అనే ఆయన ఆ రోజుల టీవీ వార్తలు ముందేసుకుని చూసి తేల్చింది కూడా ఇదే, 1968కి ముందు తెరమీద రక్తం కనపడింది చాలా తక్కువ, మన కుర్రాళ్లు బాగా పోరాడుతున్నారు అనే ధోరణే ఎక్కువ అని.

ఇంకో సంగతి, ఆన్సర్‌లో రాస్తే మార్కులొచ్చే పాయింట్. కొరియా యుద్ధం 1950 నుంచి 1953 దాకా జరిగింది. అప్పటికి అమెరికాలో టీవీ ఇంకా కొత్త, యుద్ధాన్ని డ్రాయింగ్ రూంలో కూర్చుని చూడటం అనేదే లేదు. అయినా జనం అలాగే విసిగిపోయారు, 1952 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్ ట్రూమన్ పనితీరు బాగుంది అన్నవాళ్లు 22 శాతమే, ఆయనా మళ్లీ పోటీ చెయ్యలేదు. జాన్ ముల్లర్ అనే పొలిటికల్ సైంటిస్ట్ ఈ రెండు యుద్ధాలనీ పక్కపక్కన పెట్టి, చనిపోయినవాళ్ల లెక్క పెరిగేకొద్దీ మద్దతు ఒకే తీరులో తగ్గింది, టీవీ ఉన్నా లేకపోయినా అంతే అని చూపించాడు.

అయితే టెట్ ప్రభావమే లేదని నేను అనట్లేదు. 1967 నవంబర్‌లో జనరల్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ వాషింగ్టన్‌లో ప్రెస్ ముందు నిలబడి, ముగింపు కనుచూపు మేరలోకి వస్తోంది అన్నాడు. రెండున్నర నెలలు తిరక్కుండా ఎంబసీ గోడ బద్దలైన బొమ్మలు ఇళ్లల్లోకి వచ్చాయి. ఆ బొమ్మలకి అంత బలం ఎందుకొచ్చిందంటే, అంతకుముందు ఇచ్చిన మాట వల్ల. ఆ మాట ఇవ్వకుండా ఉంటే అవి ఇంకో యుద్ధపు బొమ్మలు, అంతే. ఎదుటివాదన కూడా చెప్పాలి కదా, టెట్‌లో సైనికంగా ఘోరంగా దెబ్బతిన్నది వియత్‌కాంగే, ఆ సంగతి అమెరికా పత్రికలు ఆ హడావుడిలో సరిగ్గా చెప్పలేదు అని విమర్శ ఉంది. అందులో నిజం ఉంది, నేను ఒప్పుకుంటా.

నాకు వ్యక్తిగతంగా వీటన్నిటికన్నా పెద్దదిగా అనిపించేది ఇంకోటుంది. 1969 జూన్ 27 నాటి లైఫ్ పత్రిక. ఆ సంచికలో ఒక్క వారంలో వియత్నాంలో చనిపోయినట్టు ప్రకటించిన 242 మంది అమెరికన్లలో దాదాపు అందరి ఫొటోలూ వేశారు. యుద్ధం ఫొటోలు కావు, పాస్‌పోర్ట్ సైజు మొహాలు. కొందరివి స్కూల్ గ్రాడ్యుయేషన్ ఫొటోలు, కొందరివి యూనిఫాంలో. కింద పేరు, వయసు, ఊరు. పేజీ తర్వాత పేజీ అవే, వ్యాఖ్యానం పెద్దగా ఏమీ లేదు. మీరు రోజూ పేపర్లో '242 మంది మృతి' అని చదివి తిప్పేస్తారు, అదే అన్ని మొహాలు వరసగా చూడాలంటే చెయ్యి ఆగిపోతుంది. మీడియా చెయ్యగలిగింది ఇదీ, దూరంగా ఉన్నదాన్ని పక్కింటికి తేవడం. ఈ సంగతి గవర్నమెంట్లకి బాగా అర్థమైంది కాబట్టే, 1991 నుంచి 2009 దాకా అమెరికాలో డోవర్ ఎయిర్‌బేస్‌కి వచ్చే సైనికుల శవపేటికల ఫొటోలు తియ్యనివ్వలేదు.

ఇంకో ముఖ్యమైన పాయింట్: మీడియా సాధారణంగా ముందు నడవదు, పెద్దల మధ్య తేడా వచ్చాక నడుస్తుంది. అధికార పక్షం, ప్రతిపక్షం ఒకే మాట మీద ఉన్నంతకాలం పత్రికలు కూడా ఆ గీత దాటవు. 1966 ఫిబ్రవరిలో సెనేటర్ ఫుల్‌బ్రైట్ వియత్నాం మీద బహిరంగ విచారణ పెట్టాడు, జాన్సన్ సొంత పార్టీ మనిషే. అప్పుడుగానీ యుద్ధాన్ని ప్రశ్నించడం మర్యాదస్తుల పని అనిపించుకోలేదు. ఆ విచారణలో మాజీ దౌత్యవేత్త జార్జ్ కెనన్ లాంటి పెద్దమనిషి సాక్ష్యం చెప్తుంటే సీబీఎస్ వాళ్లు దాన్ని లైవ్ ఇవ్వకుండా పాత కామెడీ సీరియల్ మళ్లీ వేశారు, దాని మీద ఆ సంస్థ న్యూస్ విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. నాకు ఆయనంటే చాలా గౌరవం.

ఇప్పుడు మన సంగతి. తెలుగులో యుద్ధం వార్త రాయడంలో రెండు చిన్న అక్షరాలున్నాయి, వాటి గురించి ఏ జర్నలిజం పుస్తకంలోనూ చదవలేదు, పని చేస్తూ తెలుసుకున్నా.

మొదటిది 'ట'. మనం ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కళ్లారా చూడనిది ఏది చెప్పినా 'ఉందట', 'వచ్చాడట' అంటాం. ఆ ఒక్క అక్షరంతో 'ఇది నేను విన్నదే, నాకు ఖాయంగా తెలీదు' అని చెప్పేస్తాం. పేపర్ భాషలోకి వచ్చేసరికి ఆ 'ట' పోతుంది. దాని బదులు 'అని అధికారులు తెలిపారు' అని రాయాలి, కానీ హెడ్డింగ్‌లో అంత చోటుండదు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఐక్యరాజ్య సమితిలో కూర్చుని ఇరాక్ దగ్గర రసాయన, జీవ ఆయుధాలున్నాయని చెప్పాడు. ఆ రాత్రి వార్తా ఏజెన్సీ కాపీలో ప్రతి వాక్యానికీ 'పావెల్ చెప్పారు', 'అమెరికా వాదన' అని ఉంది. నేను మూడు కాలమ్‌ల వెడల్పున హెడ్డింగ్ పెట్టా: 'ఇరాక్ గుప్పిట్లో రసాయన ఆయుధాలు'. చోటు సరిపోలేదు కాబట్టి ఎవరు చెప్పారన్నది కింద రెండో లైన్లోకి తోసేశా. ఆ తర్వాత ఏడాదిన్నరకి అమెరికా వాళ్లే వెతికించి 2004 అక్టోబర్‌లో అలాంటి నిల్వలేమీ దొరకలేదని రిపోర్ట్ ఇచ్చారు. అంతకుముందే 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ మా కవరేజీలో లోపాలున్నాయని పాఠకులకి రాసుకుంది. మేం మాత్రం ఏమీ రాయలేదు, విజయవాడలో కూర్చుని ఇరాక్ మీద తప్పు రాస్తే ఎవరడుగుతారు అనుకున్నాం. కానీ ఆ హెడ్డింగ్ చదివి 'అవునట, వాడి దగ్గర ఉన్నాయట' అని గవర్నర్‌పేట టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నవాళ్లని నేను విన్నా. చూడండి, నేను తీసేసిన 'ట'ని వాళ్లు మళ్లీ పెట్టుకున్నారు, కానీ ఈసారి ఆ 'ట' పావెల్ చెప్పాడని కాదు, పేపర్లో వచ్చిందని. ఆ హెడ్డింగ్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగోదు.

రెండోది 'చు'. కూలింది, కూల్చారు. పేలింది, పేల్చారు. కాలింది, కాల్చారు. తెలుగులో చేసినవాడి పేరు ఎత్తకుండా వాక్యం సాఫీగా పూర్తయిపోతుంది, ఎక్కడా లోటు కనపడదు. 2022 జూన్ 27న యుక్రెయిన్‌లో క్రెమెన్‌చుక్ అనే ఊళ్లో షాపింగ్ మాల్‌కి రష్యా క్షిపణి తగిలి దాదాపు 20 మంది చనిపోయారు. ఆ రాత్రి మా డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాడు 'కాలిపోయిన షాపింగ్ మాల్' అని పెట్టాడు. తప్పేం లేదు, మాల్ కాలింది నిజమే. కానీ పొద్దున్నే చదివినవాళ్లకి షార్ట్ సర్క్యూట్ అనిపిస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పా, 'కాలింది అంటున్నావు, ఎవరు కాల్చారు నాన్నా' అని. మార్చాడు. ఇది ఒక్కరోజు అయితే పెద్ద విషయం కాదు. రోజూ, మూడేళ్ల పాటు ఒక దేశం వేసిన బాంబుకి 'కాల్చారు' అనీ ఇంకో దేశం వేసినదానికి 'కాలింది' అనీ రాస్తూ పోతే చదివేవాడికి తెలియకుండానే ఎవరు దుర్మార్గులో ఎవరు దురదృష్టవంతులో మనసులో స్థిరపడిపోతుంది. 'మృతి', 'హతం', 'బలి', 'వీరమరణం' కూడా అంతే, నాలుగూ చావే, కానీ పేజీలో ఏది ఎవరికి వాడుతున్నారో ఒక వారం గమనించి రాసుకోండి, ఆ పత్రిక ఎటువైపు ఉందో ఎడిటోరియల్ చదవక్కర్లేదు.

దూరం, దగ్గర అన్నాను కదా, దానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది, దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు అదో బాధ. 1987 జులై 29న శ్రీలంకతో ఒప్పందం అయ్యాక మన శాంతి సేన, ఐపీకేఎఫ్, అక్కడికి వెళ్లింది. 1990 మార్చి దాకా, రెండేళ్ల ఎనిమిది నెలలు. అక్కడ ఎల్టీటీఈతో పోరులో దాదాపు 1,200 మంది మన జవాన్లు చనిపోయారు. 1987 అక్టోబర్‌లో జాఫ్నా యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్లలో దించిన 30 మంది సిక్ లైట్ ఇన్‌ఫంట్రీ కుర్రాళ్లలో మర్నాటికి మిగిలింది ఒక్కడు. కార్గిల్‌లో చనిపోయింది 527 మంది, అది సాగింది రెండున్నర నెలలు. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో పదిమందిని ఆపి అడగండి, కార్గిల్ తెలియనివాడు ఉండడు, ఐపీకేఎఫ్ తెలిసినవాడు ఒకడు దొరికితే గొప్ప. 1989లో నేను చేరినప్పుడు టెలిప్రింటర్ మీద పీటీఐ వార్త వచ్చేది, ఆ కాగితం చింపి 'శ్రీలంకలో నలుగురు జవాన్ల మృతి' అని సింగిల్ కాలమ్ పెట్టేవాళ్లం, టీవీలో దూరదర్శన్ తప్ప ఇంకోటి లేదు, బొమ్మ లేదు, మొహం లేదు. 1999కి ప్రైవేట్ చానెళ్లు వచ్చేశాయి, కొండ మీద రిపోర్టర్లున్నారు, ప్రతి శవపేటిక ఊళ్లోకి వచ్చేది కెమెరాకి దొరికింది. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి బయల్దేరి మద్రాసు చేరితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికే వెళ్లలేదు. ఆ వార్త కూడా నా చేతుల మీదుగానే వెళ్లింది, లోపలి పేజీకి. చావు లెక్కలో రెట్టింపు కన్నా ఎక్కువ ఉన్న యుద్ధాన్ని మనం మర్చిపోయాం. జనం తప్పు కాదు, మేం చూపించలేదు.

చూపించకపోతే తెలియదా అంటే, ఎల్లకాలం అలా జరగదు. సోవియట్ సేన అఫ్గానిస్తాన్‌లో 1979 డిసెంబర్ నుంచి 1989 ఫిబ్రవరి దాకా ఉంది, దాదాపు 15,000 మంది చనిపోయారు. ఇక్కడ మన లెనిన్ సెంటర్‌లో 'సోవియట్ భూమి' పత్రిక తెలుగులో దొరికేది, నున్నటి కాగితం, మా పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్లం, అందులో అఫ్గానిస్తాన్ అంటే స్నేహం, స్కూళ్లు, ట్రాక్టర్లు. అక్కడ వాళ్ల దేశంలో కూడా చాలాకాలం అంతే. కానీ శవాలున్న జింకు పెట్టెలు ఊళ్లకి వస్తూనే ఉన్నాయి, పత్రిక రాయకపోయినా తల్లులకి తెలుసు. మాటల్లో మాట, ఆ పత్రిక చదివి పెరిగిన మా తరం పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ యుక్రెయిన్ వార్తల్ని ఆ కళ్లతోనే చదువుతారు, పిల్లలు డల్లాస్‌లో ఉన్నవాళ్లు అమెరికన్ చానెల్ కళ్లతో చదువుతారు. ఒకే అపార్ట్‌మెంట్‌లో వాకింగ్ చేస్తూ ఒకే వార్త మీద గొడవ పడతారు. ఇవాళ్టి మీడియా ప్రభావం కన్నా 40 ఏళ్ల కిందటి మీడియా ప్రభావం ఒక్కోసారి బలంగా ఉంటుంది.

ఇక రష్యా. 2022 మార్చి 4న చట్టం తెచ్చారు, సైన్యం గురించి 'అబద్ధపు' సమాచారం ఇస్తే 15 ఏళ్ల దాకా జైలు. యుద్ధం అనకూడదు, 'ప్రత్యేక సైనిక చర్య' అనాలి. టీవీ మొత్తం చేతిలో ఉంది. ఏడు నెలలు నడిచింది కూడా. సెప్టెంబర్ 21న పుతిన్ సైన్యంలోకి పిలుపులు ప్రకటించి, ఆయన రక్షణ మంత్రి 3 లక్షల మందిని పిలుస్తున్నామనేసరికి జార్జియా, కజకిస్తాన్ సరిహద్దుల్లో కార్లు మైళ్ల కొద్దీ క్యూ కట్టాయి. టీవీ అదే, యాంకర్లు అదే, కానీ పిలుపు ఇంటికి వచ్చింది. ఆ తర్వాత రష్యా ఏం చేసిందంటే, బలవంతపు పిలుపులు తగ్గించి పెద్ద మొత్తాలిచ్చి కాంట్రాక్టు మీద తీసుకోవడం మొదలుపెట్టింది, ఎక్కువగా పేద ప్రాంతాల నుంచి. మాస్కోకి యుద్ధం మళ్లీ దూరమైంది. మీ రెండో ప్రశ్నకి జవాబులో సగం ఇదే. యుద్ధం ఎందుకు ఆగట్లేదు అనేదానికి సైనిక కారణాలు, భూమి కారణాలు బోలెడున్నాయి, కానీ జనం వైపు నుంచి ఒత్తిడి ఎందుకు రావట్లేదంటే నొప్పి ఎవరికి తగలాలో వాళ్లకి తగలకుండా సర్దేశారు. యుక్రెయిన్ వైపు అలా సర్దుకునే వీల్లేదు, బాంబు పడేది వాళ్ల ఇళ్ల మీదే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2003లో అమెరికాలో ఒక యూనివర్సిటీ సర్వే సంస్థ ఇరాక్ గురించి మూడు తప్పుడు నమ్మకాల మీద అడిగింది. ఫాక్స్ న్యూస్ చానెల్ చూసేవాళ్లలో కనీసం ఒకటైనా నమ్మినవాళ్లు 80 శాతం, పబ్లిక్ రేడియో, పబ్లిక్ టీవీ వాళ్లలో 23 శాతం. దీన్ని పట్టుకుని 'చూశారా, చానెల్ వల్లే' అని రాసేయకండి, ముందే అలా నమ్మేవాడు ఆ చానెల్ పెట్టుకుంటాడు అన్నది కూడా ఉంది. రెండూ కలిసే ఉంటాయి. మనకి కూడా 2025 మే 8 రాత్రి తెలుసు కదా, కొన్ని టీవీ చానెళ్లు కరాచీ పోర్టు ధ్వంసం అని గంటల తరబడి చెప్పాయి, తెల్లారాక అది ఉత్తిదే అని తేలింది. పాకిస్తాన్‌తో ఆ యుద్ధం నాలుగు రోజుల్లో ఆగింది కాబట్టి సరిపోయింది. అలాంటి రాత్రులు ఏడాది పాటు వరసగా వస్తే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది.

చివరిగా, నా చేతుల్లో జరిగింది ఒకటి. 2022 ఫిబ్రవరిలో పటమటలో మా పై పోర్షన్ వాళ్లబ్బాయి ఖార్కివ్‌లో మెడిసిన్ మూడో సంవత్సరం. యుద్ధం మొదలైన రోజు నుంచి వాళ్లింట్లో టీవీ ఆఫ్ అవ్వలేదు. మార్చి 1న అదే ఊళ్లో కర్ణాటక కుర్రాడు షెల్లింగ్‌లో చనిపోయాడని వార్త వచ్చినప్పుడు వాళ్లమ్మ మెట్లు దిగొచ్చి 'అన్నయ్యా, మీ పేపర్‌కి ముందే తెలుస్తుందంటగా, మావాడి హాస్టల్ పేరు ఉందేమో చూడండి' అని నా చెయ్యి పట్టుకుంది. ఆ వారం అంతా మాకు యుక్రెయిన్ మొదటి పేజీలో బ్యానర్, లోపల రెండు పేజీలు. విజయవాడ, గుంటూరు పిల్లలు అక్కడ ఉన్నారు మరి. ఆపరేషన్ గంగ విమానాల్లో పిల్లలు వచ్చేశారు, అబ్బాయి కూడా పోలండ్ మీదుగా క్షేమంగా వచ్చాడు. ఏప్రిల్‌కి బ్యానర్ పోయి డబుల్ కాలమ్ అయింది, తర్వాత కొన్నాళ్లు సన్‌ఫ్లవర్ ఆయిల్ రేటు వార్తగా బతికింది, ఎందుకంటే మనకి ఆ నూనెలో సింహభాగం యుక్రెయిన్ నుంచే వచ్చేది. దసరా నాటికి ఆరు లైన్ల బ్రీఫ్. యాడ్ వస్తే అదీ ఎగిరిపోయేది. యుద్ధం తగ్గలేదు, ఖార్కివ్ మీద క్షిపణులు పడుతూనే ఉన్నాయి, ఏజెన్సీ కాపీ రోజూ వస్తూనే ఉంది. మనవాళ్లు లేరు కాబట్టి నేనే కోసేవాణ్ణి.

నవంబర్‌లో ఒకరోజు ఆ అబ్బాయి మెట్ల దగ్గర ఆపి అడిగాడు, 'అంకుల్, మీ పేపర్లో ఖార్కివ్ రావడం లేదేంటి, అయిపోయిందా?' అని. అక్కడ వాళ్ల హాస్టల్ వంటావిడ ఉందట, పెద్దావిడ, బంకర్లో వీళ్లకి టీ కాచి ఇచ్చిందట, రెండు వారాలుగా ఫోన్ తియ్యట్లేదట. ఆ రాత్రి డెస్క్‌కి వెళ్లి ఆరు లైన్లని పదహారు చేశా, ఖార్కివ్‌లో కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచెయ్యట్లేదు అని. పేజీలో పైన పెట్టా, ఫొటోతో సహా.